గోష్ఠికి ఏ కీర్తన పట్టుకెళ్ళాలి? తెలిసినదా, తెలియనిదా?

మా గుంపు నెలకోసారి, ఆదివారం సాయంత్రం, ఎవరో ఒకరింట్లో కూర్చుంటుంది. విశాఖలో, ఎక్కువగా ఎంవీపీ కాలనీలో, అప్పుడప్పుడు సీతమ్మధారలో. పదిమందికి మించం. వంతు వచ్చినవాళ్ళు తమకిష్టమైన కీర్తన తెచ్చి వినిపించాలి, గొంతున్నవాళ్ళు పాడొచ్చు. దానిమీద కాసేపు మాటలు, ఆ తర్వాత పునుగులు, అల్లం టీ. నియమాలు అంతకంటే లేవు.

మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు ఎవరూ విననిది తేవాలని పంతం పట్టాను. ఓ అరుదైన రాగంలో అరగంట రాగం తానం పల్లవి (ఒక్క పల్లవిని పట్టుకుని గాయకుడు విస్తారంగా పెంచుకుంటూ పోయే కచేరీ అంశం) పట్టుకెళ్ళాను. పన్నెండో నిమిషానికి ఒకాయన ఫోను తీశాడు. ఇరవయ్యో నిమిషానికి వంటింట్లోంచి కాగిన నూనె వాసన వచ్చింది, అందరి తలలూ అటే తిరిగాయి. అయిపోయాక ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ ఇంటి పెద్దావిడే జాలిపడి, "బాగుంది బాబూ, ఏటి పాట అది?" అన్నారు. చెప్పాను. మళ్ళీ అందరూ మౌనం.

మరుసటి నెల ఇంకొకాయన "నగుమోము" తెచ్చాడు. అందరికీ నోటికొచ్చిన పాట, కొత్తగా చెప్పుకోడానికేముంటుంది అనుకున్నాను. గంటన్నర మాట్లాడుకున్నాం. ఇప్పుడు పాడుతున్న ఆభేరి రాగంలో చతుశ్రుతి ధైవతం (పై స్థాయి 'ద') వినిపిస్తుంది, పూర్వం శుద్ధ ధైవతంతో (కింది 'ద') పాడేవారు కదా, ఏది సరైనది అని ఇద్దరు దాదాపు పోట్లాడుకున్నారు. రాముణ్ణి మోసుకు రావలసిన గరుత్మంతుడు ఆకాశం నుంచి భూమికి చాలా దూరమని సాకు చెప్పాడా అని త్యాగరాజు అడిగే చరణం దగ్గర పిల్లలు పకపకా నవ్వారు.

ఆ రెండు సాయంత్రాల తేడా మూడేళ్ళుగా నా బుర్రలో తిరుగుతోంది. ఇప్పుడు నేను పాటించేది ఇది: తెలియని కీర్తనని ఒంటరిగా పంపకూడదు. తెలిసిన కీర్తన చెయ్యి పట్టించి పంపాలి. అందుకే కింద ఎంపికలన్నీ జంటలుగా పెట్టాను. ఏ జంట ఎవరికి నప్పుతుందో, ఎక్కడ ఎదురు తంతుందో నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు చూసుకోవలసినవి

మొదటిది మాట అందడం. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. త్యాగరాజు, శ్యామశాస్త్రి ఉన్నది కావేరి ఒడ్డున, పాడింది ఎక్కువగా తెలుగులో. అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య సరేసరి. తంజావూరు శ్రోత అర్థం అడిగి తెలుసుకోవలసిన పల్లవి మన పక్కింటి పిన్నిగారికి వినగానే సగం తెలిసిపోతుంది. ఆ సగాన్ని వదులుకోవడం దండగ. ముత్తుస్వామి దీక్షితర్ కృతులు ఎక్కువగా సంస్కృతం కాబట్టి తాత్పర్యం చిన్న కాగితం మీద రాసుకెళ్ళాలి.

రెండోది సమయం. కచేరీలో నలభై నిమిషాలు కూర్చునే మనిషే ఇంట్లో సోఫా మీద పది నిమిషాలకి కదులుతాడు. రెండు పాటలూ కలిపి పాతిక నిమిషాలు దాటనివ్వకండి. ఆలాపన, నెరవు, స్వరకల్పన (పాట చుట్టూ గాయకుడు అప్పటికప్పుడు అల్లే భాగాలు) ఉన్న పెద్ద రికార్డింగు అయితే కీర్తన భాగం మాత్రం వినిపించి, మిగతాది ఇంటికెళ్ళి వినమనండి.

మూడోదాన్ని నేను చెవికి పట్టు అంటాను. రాగలక్షణాలు తెలియనివాడు కూడా పట్టుకోగలిగిన ఒక గుర్తు పాటలో ఉండాలి. తిరిగి తిరిగి వచ్చే ఓ మాటో, ఎక్కుతూ పోయే స్వరమో, ఓ కథో. అది లేని కృతి ఎంత గొప్పదైనా ఇంటి గోష్ఠిలో జారిపోతుంది.

ఇక రికార్డింగులు. కనీసం రెండు గొంతుల్లో దొరికితే మంచిది, పోల్చుకోడానికి వీలుంటుంది. చివరగా మిమ్మల్ని మీరే అడగాల్సినది ఒకటుంది, నాకిది ఎందుకిష్టం అని. దానికి ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే ఆ పాట ఆ నెలకి వద్దు. నా రాగం తానం పల్లవికి నా దగ్గర అలాంటి వాక్యం లేదు.

ఒక్క చూపులో

| తెలిసినది | దానికి జత | మాట అందడం | చెవికి పట్టు | ఎవరికి |
|---|---|---|---|---|
| పలుకే బంగారమాయెనా (రామదాసు, ఆనందభైరవి) | ఓ జగదంబా (శ్యామశాస్త్రి, ఆనందభైరవి) | రెండూ సులువు | ఒకే రాగం, రెండు మనసులు | అందరికీ |
| చక్కని రాజమార్గము (త్యాగరాజు, ఖరహరప్రియ) | విడెము సేయవే (త్యాగరాజు, ఖరహరప్రియ) | సులువు | పెద్ద కృతి పక్కన చిన్న పాట | పెద్దవాళ్ళకి, నేర్చుకునేవాళ్ళకి |
| ఎందరో మహానుభావులు (త్యాగరాజు, శ్రీ) | కనకన రుచిరా (త్యాగరాజు, వరాళి) | కాస్త కష్టం | స్వరం వెంటే సాహిత్యం | కాస్త విన్నవాళ్ళకి |
| వాతాపి గణపతిం (దీక్షితర్, హంసధ్వని) | రఘునాయకా (త్యాగరాజు, హంసధ్వని) | ఒకటి సంస్కృతం, ఒకటి తెలుగు | రాగం వెంటనే గుర్తుపడతారు | పిల్లలున్న ఇంటికి |
| బ్రోచేవారెవరురా (వాసుదేవాచార్య, ఖమాస్) | రా రా రాజీవలోచన (వాసుదేవాచార్య, మోహనం) | సులువు | ఎవరు రాశారన్న ప్రశ్న | సినిమా పాటల మీదుగా వచ్చినవాళ్ళకి |
| నానాటి బతుకు (అన్నమయ్య, రేవతి) | ఏమొకో చిగురుటధరమున (అన్నమయ్య, తిలంగ్) | మొదటిది సులువు, రెండోది కష్టం | బాణీ కట్టింది ఒకరే | సాహిత్యం ఇష్టమైనవాళ్ళకి |

ఈ పట్టికలో రెండో నిలువు వరసలోవి అన్నీ అజ్ఞాతమైనవేం కావు. కచేరీలు వినేవాళ్ళకి కొన్ని బాగానే తెలుసు. తెలియనిది అంటే ఇక్కడ నా లెక్క, గదిలో సగంమంది విననిది.

ఆనందభైరవి జంట

మొదటిసారి వంతు వచ్చినవాళ్ళు ఇంకేం ఆలోచించకుండా దీన్ని తీసుకోండి. "పలుకే బంగారమాయెనా" తెలియని తెలుగిల్లు లేదు. భద్రాచల రామదాసు కీర్తనలని మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇంటింటికీ చేర్చారు. అందువల్ల మొదటి రెండు నిమిషాల్లోనే గదిలో నలుగురు గొంతు కలుపుతారు. ఆ వేడి చల్లారకముందే శ్యామశాస్త్రి "ఓ జగదంబా" పెట్టండి.

రెండూ మొరలే. రామదాసు మొరలో నిష్ఠూరం ఉంది. పిలిచినా పలకవేం, ఏం పోయింది నీకు అని రాముణ్ణి నిలదీస్తున్నాడు. శ్యామశాస్త్రి తల్లి దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పుకుంటున్నాడు. అదే రాగం, అవే సంచారాలు, కానీ ఒకటి గుమ్మంలో నిలబడి కేకేసినట్టు ఉంటుంది, ఇంకొకటి కొంగు పట్టుకుని అడిగినట్టు. రాగమంటే స్వరాల వరస మాత్రమే అనుకునేవాళ్ళకి ఇంతకంటే తేలికగా చెప్పే దారి నాకు తెలియదు.

ఇంకో లాభం నేను ఊహించనిది. ఈ జంట వినిపించిన రోజున, ఇందాక చెప్పిన పెద్దావిడ, "ఇది మా పెళ్ళిపాట వరస కదా" అని, వియ్యపురాలిని ఆటపట్టించే పాట ఒకటి అందుకున్నారు. ఆవిడకి రాగం పేరు తెలియదు, అక్కర్లేదు కూడా. ఆనందభైరవి మన పెళ్ళిపాటల్లో, లాలిపాటల్లో, కూచిపూడిలో ఎప్పటినుంచో కాపురముంటున్న రాగం. ఆ సాయంత్రం పునుగులు చల్లారిపోయాయి, ఎవరూ లేవలేదు.

ఈ రాగం గురించి ఓ కథ కూడా చెప్పుకుంటారు. ఓ నటుడి ఆనందభైరవి విని ముగ్ధుడైన త్యాగరాజు ఏం కావాలో కోరుకోమన్నాడట. ఇకముందు మీరు ఈ రాగం పాడకండి, ఎందుకని లోకం అడిగినప్పుడల్లా నా పేరు చెప్పుకుంటారు అన్నాడట ఆయన. కథే అనుకోండి, కానీ త్యాగరాజ కృతుల్లో ఆనందభైరవి చాలా తక్కువన్నది మాత్రం నిజం. గోష్ఠిలో ఇలాంటి కథ ఒక్కటి చాలు, అరగంట సాగుతుంది.

లోపమేమిటంటే కొత్తదనం తక్కువ. బాగా విన్నవాళ్ళే ఉన్న గుంపులో ఇది "ఇంతేనా" అనిపిస్తుంది. వాళ్ళకోసం శ్యామశాస్త్రిలోనే ఇంకో మెట్టు ఎక్కొచ్చు.

శ్యామశాస్త్రి, బొబ్బిలి కేశవయ్య

మన ఉత్తరాంధ్రవాళ్ళకి తగిన కథ ఇది. బొబ్బిలి కేశవయ్య అనే విద్వాంసుడు ఊరూరా గెలుస్తూ తంజావూరు చేరి సవాలు విసిరాడని, ఆస్థానం పరువు నిలబెట్టమని అందరూ శ్యామశాస్త్రిని వేడుకున్నారని, ఆయన కామాక్షి గుడికెళ్ళి "దేవీ బ్రోవ సమయమిదే" అని చింతామణి రాగంలో పాడి, తర్వాత పోటీలో నెగ్గాడని చెప్తారు. తంజావూరువాళ్ళు చెప్పే కథలో మనవాడే ఓడిపోయాడు. ఈ మాట అనగానే మా గుంపులో బొబ్బిలి నుంచి వచ్చిన మావయ్యగారు నిటారుగా కూర్చున్నారు. "ఆ కథ మావోళ్ళు చెప్తే ఇంకోలా ఉంటాది" అన్నారు. ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

కథ ఉంది, మాట సులువు, పాట నిడివి తక్కువ. ఇబ్బంది ఒక్కటే, చింతామణి అరుదైన రాగం, దానికి తెలిసిన జత దొరకదు. అందుకని జతగా కథనే పెట్టుకోవాలి. ఇక్కడ నా నియమం నేనే సడలిస్తున్నాను.

నేర్చుకునే పిల్లలు ఉంటే శ్యామశాస్త్రిదే భైరవి రాగ స్వరజతి (స్వరాలకి సాహిత్యం జోడించిన రచన), "కామాక్షీ అనుదినము" ఎంచుకోండి. అందులో చరణాలు ఒక్కోటి ఒక్కో స్వరం మీద మొదలవుతాయి. మొదటిది షడ్జం మీద, తర్వాతది రిషభం, ఆ తర్వాత గాంధారం, అలా పై షడ్జం దాకా. పిల్లల చేతికి కాగితమిచ్చి ప్రతి చరణం దగ్గరా ఏ స్వరమో రాయమనండి. మా ఇంట్లో ఎనిమిదేళ్ళ మేనకోడలు ఎనిమిదిలో ఆరు సరిగ్గా రాసింది, వాళ్ళ నాన్న మూడు.

త్యాగరాజు: పెద్ద కృతి పక్కన చిన్న పాట

"చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల" అన్న పల్లవికి విశాఖలో అర్థం చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డు ఉండగా పూర్ణా మార్కెట్ సందుల్లో కారు దూర్చినవాడికి ఎప్పుడో అర్థమైపోయింది. చిక్కటి పాలూ మీగడా ఉండగా కల్లు ఎందుకని అడిగే అనుపల్లవి దగ్గర కూడా నవ్వులొస్తాయి. ఖరహరప్రియలో ఇది కచేరీలకి వెన్నెముక లాంటి కృతి.

దాని పక్కన "విడెము సేయవే". ఇది ఉత్సవ సంప్రదాయ కీర్తన. స్వామికి సేవలన్నీ అయ్యాక తాంబూలం అందిస్తూ పాడేది. అదే రాగం, అదే మనిషి. అక్కడ మనసుకి బుద్ధి చెప్పిన త్యాగరాజు ఇక్కడ ఆకులు ఈనెలు తీసి మడిచి చేతికిస్తున్నాడు. కచేరీ వేదిక త్యాగరాజు, పూజగది త్యాగరాజు ఇద్దరూ ఒకరేనని వినిపిస్తుంది. కచేరీలో దీనికి పెద్ద చోటు దొరకదు, ఇంట్లో దొరుకుతుంది. నా ఓటు ఎప్పుడూ ఇలాంటి చిన్న పాటలకే. దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు, "నౌకా చరిత్రము"లోని పాటలు ఇంట్లో పదిమంది కలిసి పాడుకోడానికి అనువైనవి. కచేరీ కృతులని మాత్రమే త్యాగరాజు అనుకుంటే సగం త్యాగరాజు మనకి దక్కడు.

పంచరత్నాల (త్యాగరాజు అయిదు పెద్ద కృతుల) జంట వేరే సంగతి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన జరిగే ప్రతి ఊళ్ళోనూ అయిదూ గోష్ఠిగానం చేస్తారు కాబట్టి "ఎందరో" అందరికీ తెలుసు. అయిదింటిలో వరాళి కృతి "కనకన రుచిరా" విడిగా వినడం అరుదు. గురువు శిష్యుడికి వరాళి ముఖాముఖి నేర్పితే ఇద్దరికీ చెడుతుందనే నమ్మకం ఒకటి పాతుకుపోయింది. దాని మూలంగా ఓ అద్భుతమైన సాహిత్యం మూలన పడింది. చూసినకొద్దీ రుచించే రూపమంటూ మొదలై, సవతి తల్లి సురుచి మాట చెవికి చురుక్కుమని తగిలిన ధ్రువుడి దగ్గరికి వెళ్తుంది. రుచిర అన్న పాటలో సురుచి రావడం చూశారా? పల్లవి మొదట్లో "కనకన"కి, ఆ వెంటనే వచ్చే "కనక వసన"కి మధ్య అక్షరాల ఆట కూడా ఉంది. అయితే నిడివి ఎక్కువ, నడక నింపాది. సాహిత్యం ముద్రించి అందరి చేతుల్లో పెట్టకపోతే నా రాగం తానం పల్లవి గతే పడుతుంది.

పిల్లలున్న ఇంట్లో

హంసధ్వని జంట చాలు. "వాతాపి గణపతిం" ఏ పిల్లవాడికైనా తెలుసు. ఈ రాగాన్ని రూపొందించింది ముత్తుస్వామి దీక్షితర్ తండ్రి రామస్వామి దీక్షితర్ అని చెప్పి, "రఘునాయకా" పెట్టి, రాగం అదేనా కాదా అని అడగండి. అందరూ చెయ్యెత్తుతారు.

ఇంకా చిన్నపిల్లలైతే దీక్షితర్ నొట్టుస్వరాలు. బ్రిటిషు బ్యాండు వాయించే బాణీలు విని ఆయన శంకరాభరణ స్వరాల్లో సంస్కృత సాహిత్యం కట్టారు. "సంతతం పాహి మాం" అప్పటి ఇంగ్లండు రాజగీతం బాణీ. "శ్యామలే మీనాక్షి" వినగానే నర్సరీ పిల్లలు ట్వింకిల్ ట్వింకిల్ అంటూ ఎగురుతారు. రెండేసి నిమిషాల పాటలు. ఇవి గొప్ప సంగీతమా అని పెద్దవాళ్ళు ముక్కు చిట్లిస్తే, దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ ఆ కాలంలోనే వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన సంగతి గుర్తు చెయ్యండి. ఆ వయొలిన్ లేకపోతే ఇవాళ కచేరీయే లేదు.

పాట తెలుసు, కట్టినవాడు తెలియదు

"బ్రోచేవారెవరురా" త్యాగరాజు కృతి అని గట్టిగా వాదించేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. 1980లో వచ్చిన "శంకరాభరణం" సినిమా మన తరానికి ఆ పాట నేర్పింది. కట్టింది మైసూరు వాసుదేవాచార్య (1865–1961). కన్నడ దేశపు మనిషి, తెలుగులో రాశారు. ఆయన గురువు పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌ది కూడా అదే వరస, "రఘువంశ సుధాంబుధి" తెలుసుగానీ కట్టిన ఆయన పేరు చాలామందికి తెలియదు. సినిమా సంగీతం నుంచి వచ్చినవాళ్ళకి ఈ గురుశిష్యుల పాటలు మంచి వంతెన. లోతు మరీ ఎక్కువ ఆశించకండి, సరదాగా సాగిపోతుంది.

అన్నమయ్య, నేదునూరి

విశాఖలో కూర్చుని ఈ జంట వదులుకోలేం. అన్నమయ్య (1408–1503) రాగిరేకుల మీద పాటకి రాగం పేరుంది గానీ అసలు బాణీ నిలవలేదు. ఈ రోజు మనం వింటున్నవి 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి తర్వాత ఆ పని తలకెత్తుకున్నవాళ్ళలో నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) గారిది ప్రత్యేకమైన చోటు. విజయనగరంలో చదువుకుని, శ్రీపాద పినాకపాణి గారి దగ్గర పాఠాంతరం (గురుముఖంగా నేర్చిన పాటల నిధి) సంపాదించి, చివరికి మన ఊళ్ళోనే స్థిరపడి, ఇక్కడే కన్నుమూశారు. రేవతిలో "నానాటి బతుకు", తిలంగ్‌లో "ఏమొకో చిగురుటధరమున" ఆయన బాణీలే.

మొదటిది ఎవరికైనా అందుతుంది. చావు ఇంట్లోనూ వినిపిస్తుంది, ఫోను రింగుటోనుగానూ వినిపిస్తుంది. రెండోదానికి కాస్త ఓపిక కావాలి. నాయిక పెదవి మీద కస్తూరి ఎందుకంటుకుందో, కనుకొనల్లో ఎరుపెందుకో ఊహించే పాట అది, శృంగారంలో చమత్కారం. ముందుగా ఎవరైనా సాహిత్యం చదివి వినిపించాలి, లేకపోతే మెత్తటి బాణీ విని జోలపాట అనుకునే ప్రమాదముంది. ఒకాయన అలాగే అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు. అన్నమయ్యని ఎంచుకుంటే మనం మాట్లాడుకునేది ఎవరి గురించి, రాసినవాడి గురించా, బాణీ కట్టినవాడి గురించా? రాగచర్చ కావాలనుకునేవాళ్ళు త్యాగరాజు దగ్గరికి వెళ్ళడమే మేలు.

పదాలు: గది చూసి పెట్టండి

క్షేత్రయ్య పదాలంటే, అంటే ఆయన శృంగార గీతాలంటే, నాకు ప్రాణం. నాదనామక్రియలో "పయ్యెద" వింటే ఆ రోజు ఇంకేమీ వినబుద్ధి కాదు. పదం నడక చాలా నింపాది, ఒక్క మాట మీద ఎంతసేపైనా నిలబడుతుంది. పదాలకి పేరుపడ్డ గాయనులు బృంద, ముక్త గార్ల రికార్డింగులు దొరికితే చాలు.

కానీ అత్తగారు, కొత్తకోడలు, ఆరో తరగతి పిల్లాడు ఒకే సోఫాలో ఉన్నప్పుడు సహానలో "మొగడొచ్చి పిలచెడు" పెట్టి అర్థం వివరించే ధైర్యం నాకు లేదు. పెట్టినవాళ్ళని చూశాను. పల్లవి దాకా అందరూ భక్తిగా తలలూపారు, తర్వాత ఒక్కొక్కరికీ దాహం వేసింది. నలుగురైదుగురు సమవయస్కులు కూర్చున్నప్పుడు దీన్ని మించిన ఎంపిక లేదు, పెద్ద గుంపుకి మాత్రం వద్దు.

గొంతు వద్దు, వాద్యం కావాలంటే

వాద్యానికి మాట ఉండదు గనక, అందరికీ సాహిత్యం తెలిసిన కీర్తనే ఎంచుకోవాలి. వింటూ లోపల మాటలు పాడుకోగలగాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) గారి వయొలిన్ దీనికి సరైనది. విశాఖలో పెరిగిన మనిషి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు వయొలిన్ ఆచార్యుడిగా చేరి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని నడిమి ఆసనం మీద కూర్చోబెట్టినవాళ్ళలో ముందువరస ఆయనది. పాత రికార్డుల గరగర కొందరికి అడ్డం, నాకు అలంకారం.

గుంపులో వీణ వాయించేవారుంటే ప్రత్యక్షంగా వినడం ఇంకా మంచిది. మనకి దగ్గర్లోని బొబ్బిలి పక్క గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఒకే పనసదుంగ తొలిచి వీణ చేస్తారు. అయితే సముద్రపు ఉక్కపోతలో తీగెలు, మృదంగం మూతలు ఊరికే శ్రుతి మారిపోతుంటాయి, శ్రుతి చేసుకోడానికి ఓ పావుగంట విడిచిపెట్టండి.

మన ఊరి చుట్టుపక్కలవి

విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గారు తొంభై రాగాలతో "దశవిధ రాగ నవతి కుసుమ మంజరి" కట్టారు. వినిపించడానికి రికార్డింగు పట్టుకోవడమే కష్టం. హరికథ ఖండం ఏదైనా దొరికితే దాసుగారి పేరు మీద ఓ సాయంత్రం నడుస్తుంది.

ఇంకా పాతదానికి వెళ్ళాలంటే సింహాచలం కొండే ఉంది. 13వ శతాబ్దంలో కృష్ణమాచార్యులు అప్పన్న ముందు వచనాలు చెప్పుకున్నారు. ప్రతిదానిలో "స్వామీ! సింహగిరి నరహరీ! నమో నమో దయానిధీ!" అని పిలుపు వస్తుంది. దానికి రాగం తాళం అడగకండి. తంబూరా శ్రుతి పెట్టుకుని ఒకరు చదువుతుంటే, పిలుపు వచ్చినప్పుడల్లా మిగతావాళ్ళు గొంతు కలపొచ్చు. చందనోత్సవం నెలలో ప్రయత్నించాం. సంగీతమా కాదా అన్న వాదన రాలేదు, వస్తుందనుకున్నాను.

లెక్కలు, పజిళ్ళు ఇష్టమైన కుర్రాళ్ళకి మాత్రం బాలమురళి నాలుగు స్వరాల రాగం "మహతి"లో కట్టిన "మహనీయ మధుర మూర్తే". స, గ, ప, ని అంతే. నాలుగింటితో రాగం నిలుస్తుందా అన్న చర్చ వాళ్ళే నడుపుకుంటారు, మీరు టీ తాగొచ్చు.

ఇంకా తేలకపోతే

శనివారం రాత్రి పదింటికి కూడా ఏదీ తోచలేదనుకోండి. ఒకే తెలిసిన కీర్తన ఇద్దరు గాయకుల గొంతుల్లో, పల్లవి అనుపల్లవి వరకు. రేడియోలో పెరిగిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ కాలపు గొంతొకటి, ఇప్పటిదొకటి. ఇది ఎప్పుడూ తప్పదు, ఎప్పుడూ గొప్పగానూ ఉండదు.

సంగీతం నేర్చుకుంటున్నవాళ్ళయితే పినాకపాణి గారి "సంగీత సౌరభం" సంపుటాల్లో స్వరలిపి చూసి, తాము పాడగలిగినదే ఎంచుకోవడం మేలు. తప్పులతో పాడిన చిన్న కీర్తనకి వచ్చే మాటలు స్పీకర్లో వినిపించిన పెద్ద కృతికి రావు. కళాభారతిలో కచేరీ వినొచ్చిన వారమే మీ వంతు వస్తే, ఆ కచేరీలో మీకు అర్థం కాకుండా మిగిలిన కృతిని తెచ్చి, అర్థం కాలేదనే చెప్పండి. మా గుంపులో అన్నిటికంటే పొడుగ్గా సాగిన చర్చ అలా మొదలైందే.

వచ్చే నెల గాజువాకలో, మళ్ళీ నా వంతు. వరాళి పట్టుకెళ్తున్నాను, "ఎందరో"తో కలిపి. సాహిత్యం పన్నెండు కాపీలు తీయించాను. పునుగులు మాత్రం ముందే వేసేయమని చెప్పి ఉంచాను.